బండి రోడ్డు మీద ఉన్నప్పుడు

నిన్న మధ్యాహ్నం మా వెనక సందులో ఉండే ఆమె తన బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లకు పోలాండ్‌లో ఏదో యూనివర్సిటీలో సీటు వచ్చిందట, వచ్చే నెలలో ప్రయాణం. కూర్చోగానే ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అందులో యూరప్ పటం, దాని మీద ఎర్ర గీతలు, పచ్చ గీతలు. "అమ్మమ్మా, మీ మేనకోడలు ఒక్క సంచి ఏసుకొని గన్ని దేశాలు ఎట్ల తిరిగింది? సెలవులొస్తే అందరు పైసల్లేక రూముల్నే పంటరంట గదా. జర నాకు గూడ చెప్పు" అంది. పక్కనుంచి తల్లి, "ముందు చదువు సంగతి అడుగవే, తిరుగుడు తర్వాత" అని మొట్టికాయ వేసింది. నాకు తెలిసినంత చెప్పాను. రాత్రి బస్సెక్కితే ఆ రాత్రి పడుకునే చోటు కిరాయి మిగులుతుందని, సంచి సీటు కింద పట్టేంతే ఉండాలని, లేకపోతే విమానం వాళ్లు టికెట్టు కంటే ఎక్కువ గుంజుతారని, హాస్టళ్లలో ఒకే గదిలో పదిమంది పడుకుంటారని, అక్కడి పొయ్యి మీద మన వంట మనం వండుకోవచ్చని చెప్పాను. ఆ పిల్ల నోరు తెరిచి విని, "ఇవన్ని నీకెట్ల తెలుసు? నువ్వు పోయినవా?" అంది. పోలేదు. జహీరాబాద్ దాటి నేను పోయిందే తక్కువ. బీదర్ ఒకసారి, హైదరాబాద్ రెండు మూడుసార్లు, అదీ దవాఖాన పని మీద. ఇదంతా మా తమ్ముడు మంచం మీద పడి ఉన్న కాలంలో, ఆ మంచం పక్కన కూర్చుని తెలుసుకున్నది. 

మా తమ్ముడు లారీ డ్రైవర్. పదిహేనేళ్లు నిండకముందే క్లీనర్‌గా ఎక్కి, మీసం వచ్చేసరికి స్టీరింగ్ పట్టుకున్నాడు. మా దిక్కు పండే అల్లం, ఆలుగడ్డ బొంబాయి మార్కెట్‌కు చేర్చడం వాడి పని. సరిహద్దున ఉన్న చిరాగ్‌పల్లి దాటితే రోడ్డు వాడిది, ఇంట్లో మాత్రం వాడు చుట్టం. వచ్చిన రోజు తలంటుకునేవాడు, తినేవాడు, పడుకునేవాడు, మళ్లీ పోయేవాడు. ఒక్కతే బిడ్డ. అది పుట్టినప్పుడు కూడా వాడు షోలాపూర్ అవతల ఎక్కడో ఉన్నాడు. ఆ బిడ్డ మాత్రం తండ్రి పోలిక. పటాలంటే ప్రాణం. మూడో తరగతిలో ఉన్నప్పుడే వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, "నాయినా, నువ్వు నిన్న ఏడున్నవ్?" అని అట్లాసులో వేలు పెట్టించేది. ఇంజనీరింగ్ అయ్యాక అది జర్మనీలో చదువుతానంటే నా మరదలు ఏడ్చింది గానీ వాడు ఏడవలేదు. "అక్కడ సర్కారు కాలేజీల ఫీజు శానా తక్కువంట, ఖాళీ టైముల పని గూడ దొరుకుతదంట. రోడ్లు మంచిగుంటయంట" అన్నాడు. ఆ మూడింట్లో వాడికి ఏది ముఖ్యమో మాకు తెలుసు.

బిడ్డ పోయిన కొన్ని నెలలకే షుగరు వాడిని కూలగొట్టింది. డ్రైవర్లకు ఉండేదే, వేళకు తిండి లేకపోవడం, ధాబాల్లో తియ్యటి చాయ్, కాలికి పుండైనా చూసుకోకపోవడం. ముందు కాలు మోకాలి కిందికి తీసేశారు. తర్వాత చూపు మసకబారుతూ బారుతూ పోయింది. ఆ తర్వాత కిడ్నీలు. వారంలో మూడు రోజులు డయాలసిస్‌కు ఆటోలో తీసుకుపోయి, తీసుకువచ్చేవాళ్లం. మా ఆయన పోయాక నేను న్యాల్‌కల్ దగ్గరి మా ఊరు విడిచి వీళ్ల దగ్గరే ఉంటున్నాను. మరదలు పొద్దున రెండిళ్లలో వంట చేసేది కాబట్టి వాడి పక్కన ఉండే పని నాదైంది.

నేను అక్షరాలు నేర్చుకున్నది జుట్టు నెరిశాక. సంఘం ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట బడి వరండాలో చెప్పేవాళ్లు, పత్తి ఏరి వచ్చి కూర్చునేవాళ్లం. అది నేర్చినప్పుడు ఎందుకు పనికొస్తుందో తెలియదు. బస్సు బోర్డు చదివితే చాలనుకున్నా. తమ్ముడి చూపు పోయాక తెలిసింది. అంత దూరం నుంచి బిడ్డ నాకోసమని ఫోన్‌లో తెలుగులో రాసి పంపేది, నేను కూడబలుక్కుంటూ చదివి వాడికి వినిపించేదాన్ని. ఫోన్‌లో మాట్లాడుకోలేరా అంటే మాట్లాడుకునేవాళ్లు. కానీ సెలవుల్లో ఎటు పోవాలన్న ముచ్చట మాటల్లో తెగేది కాదు. ఊళ్ల పేర్లు, బస్సుల వేళలు, ఏ ఊరు నుంచి ఏ ఊరికి ఎంతసేపు, అన్నీ రాసి పంపాల్సిందే. నేను "బు... డా..." అని పట్టుకుని వేలాడుతుంటే వాడు నవ్వేవాడు. "అక్కా, నువ్వు సదివేసరికి బస్సు పోయి మల్లొస్తది."

వాడి లెక్క వేరు. పిల్లలంతా ముందు ఎక్కడికి పోవాలో చూస్తారు, వాడు ముందు వాపసు చూడమనేవాడు. లారీవాళ్లకు అదే ముఖ్యం. బొంబాయికి అల్లం వేసుకుని పోవడం ఎవడైనా పోతాడు, తిరుగు కిరాయి దొరక్కుండా ఖాళీ బండితో వస్తేనే మునుగుతాడు. "బిడ్డా, ఎక్కడ నుంచి మీ ఊరికి అగ్గువ టికెట్టుందో ముందు అదే దొరకబట్టు. గా ఊరే మన ఆఖరి ఊరు. ఆడికి ఎట్ల పోవాల్నో తర్వాత చూద్దాం" అనేవాడు. బిడ్డ ముందు ఎగతాళి చేసింది, తర్వాత అదే పద్ధతి పట్టుకుంది. రెండో ఏడు చలికాలం సెలవుల్లో అట్లా ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ తిరిగొచ్చింది. శనాదివారాల్లో గోదాములో డబ్బాలు కట్టి సంపాదించిన పైసలతోనే. ఇక్కడినుంచి తీసుకుపోయిన పుట్నాల పొడి, వెల్లుల్లి కారం సంచిలో ఉండేవి, రొట్టె మాత్రం అక్కడ కొనేది.

ఆ ప్రయాణంలోనే ఒక తమాషా జరిగింది. రాత్రి బస్సంటే డ్రైవర్ వెనక సీటే తీసుకోవాలని, డ్రైవర్‌కు కునుకు రాకుండా మాట్లాడుతూ ఉండాలని వీడు నూరిపోశాడు. అది నిజంగానే వెనక కూర్చుని పలకరించిందట. ఆ డ్రైవర్ వెనక్కి తిరగకుండానే పైన అంటించిన బోర్డు వైపు వేలు చూపించాడట. నడుపుతున్నవాడితో మాట్లాడకూడదని అందులో రాసి ఉంది. బిడ్డ అది చెప్పి పడిపడి నవ్వింది. వీడు మాత్రం నవ్వలేదు. "మరి ఆయనకు నిద్రొస్తే ఎట్ల?" అన్నాడు.

డయాలసిస్ మంచాల మీద పక్కపక్కన ఉండేవాళ్లందరికీ వాడి బిడ్డ ఏ దేశంలో ఉందో తెలుసు. రాయికోడ్ నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు. చేతికి సూదులు గుచ్చి ఉండగానే, "ఏం డ్రైవర్ సాబ్, ఇయ్యాల బండి ఏడిదాక పోయింది?" అని అడిగేవాడు. వీడు చూపులేని కళ్లతో పైకప్పు చూస్తూ, "వియన్నా దాటింది. బార్డర్ల చెకింగ్ లేదంట, సీదా పోవుడే" అనేవాడు. ఆ ముసలాయన ఒక వారం రాలేదు. తర్వాత వారం ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. అక్కడ ఎవరూ ఎవరి గురించీ అడగరు.

ఇక ఆఖరి ప్రయాణం. చదువు చివరికొచ్చింది, ఎండాకాలం ముందు రెండు సెమిస్టర్ల నడుమ సెలవులు. ఇదే దొరికే పెద్ద సెలవు. అంతకు కొన్నాళ్ల ముందు డాక్టర్ నన్నూ మరదలినీ బయటికి పిలిచి, గుండె కూడా బలహీనపడిందని, ఇక ఎక్కువ రోజులు ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. మేం వాడికి చెప్పలేదు. మేం లోపలికి వచ్చిన అడుగుల చప్పుడుకే వాడికి అర్థమైంది. ఆటోలో ఇంటికి వస్తుంటే, "బిడ్డకు చెప్పకుండ్రి" అన్నాడు.

బిడ్డ ఆ సెలవులకు ఇంటికొస్తానంది. వాడు వద్దన్నాడు గానీ మరదలు రమ్మందామనే పట్టుకుంది. "అప్పో సప్పో చేసి టికెట్టు కొందాం. పిల్లను రానియ్యి. ఎవల కోసం ఆపుతున్నవ్?" అని మొగుడి మీద అరిచింది. వాడు తడిమి ఆమె చేయి పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు. "అది వస్తే నన్ను చూస్తది. నేను దాన్ని చూస్తనా? కండ్లేవి నాకు? అది ఆడ తిరుగుకుంట చెప్తాంటే అన్నీ కనబడుతయ్. ఈడికొచ్చి మంచం పక్కన కూసొని ఏడిస్తే నాకు కనబడేది చీకటే." మరదలు కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. నేను వాడి దిక్కే ఉన్నాను. వాడి కళ్లు నేనే.

వాడికి ఒక కోరిక ఉండేది. బొంబాయికి అన్నేళ్లు పోయాడు, రోడ్డు ఐపోయి సముద్రం మొదలయ్యే చోట నిలబడితే వాడికి బాగుండేదట. "ఇంక నడపనీకి లేదు అన్న కాడ మనసు అల్కగైతది, బరువు దించినట్టు" అనేవాడు. యూరప్‌లో ఆ చోటు ఎక్కడుందో చూడమన్నాడు. బిడ్డ వెతికి, పోర్చుగల్‌లో ఒక కొండ అంచు ఉందని, దాని తర్వాత ఇక నేల లేదని రాసింది. దగ్గరి పెద్ద ఊరు లిస్బన్. అక్కడినుంచి జర్మనీకి ఒక వారం నడిమి రోజున అగ్గువ విమానం దొరికింది. అంటే వాపసు దొరికింది. మిగతాదంతా అక్కడినుంచి వెనక్కి అల్లుకుంటూ వచ్చారు. లిస్బన్‌కు మాడ్రిడ్ నుంచి రాత్రి బస్సు, మాడ్రిడ్‌కు బార్సిలోనా నుంచి రాత్రి బస్సు, బార్సిలోనాకు ఫ్రాన్స్ మీదుగా. రెండు వారాలు ఇదే పని. నేను చదవడం, వాడు కళ్లు మూసుకుని వినడం, "ఆడ మూడు గంటలు ఖాళీ వస్తది, బస్టాండుల మొఖం కడుక్కోనీకి ఉందా అడుగు" అనడం. నేను అడిగి రాయడం. ఆ రెండు వారాలు వాడు అన్నం కూడా కొంచెం ఎక్కువే తిన్నాడు.

బిడ్డ బయలుదేరిన రోజు పొద్దున వాడు మా ఇద్దరినీ పిలిచి ప్రమాణం చేయించుకున్నాడు. నాకేమన్నా అయితే అది తిరిగి రూముకు చేరి సంచి దించేదాకా చెప్పొద్దు. లారీవాళ్లలో అదొక కట్టు. బండి రోడ్డు మీద ఉన్నప్పుడు డ్రైవర్‌కు ఇంటి చావు చెప్పరు. సరుకు దిగాలి, ఇంజిన్ బంద్ కావాలి, అప్పుడు ఎవరైనా పెద్దమనిషి వచ్చి భుజం మీద చెయ్యి వేసి చెప్తాడు. మా అమ్మ పోయినప్పుడు వాడికి అట్లాగే చెప్పారు. వాడు వచ్చేసరికి మట్టి అయిపోయింది. సమాధి దగ్గర కూలబడి ఏడ్చాడు గానీ ఎవరినీ ఒక్క మాట అనలేదు. "చెప్పి ఉంటే ఘాట్ల కింద పడేటోన్ని" అన్నాడు. వాడి దోస్తు ఒకడికి దారిలో ధాబా దగ్గర ఎవరో తెలివిలేనివాడు కొడుకు పోయిన సంగతి చెప్పేశాడట. ఆ మనిషి ఏడుస్తూనే బండి తీశాడు, వంతెన గోడ విరగ్గొట్టుకుని వాగులో పడ్డాడు. పక్కనున్న క్లీనరూ పోయాడు. అందుకే మా ఇంట్లో ఆ కట్టును ఎవరూ తప్పరు.

బిడ్డ బార్సిలోనాలో బస్సెక్కానని రాసింది. అది చదివి వినిపించాను. "కిటికీ సీటేనా?" అని అడిగాడు. అవునని ఉంది. "మంచిది" అన్నాడు. తెల్లారి డయాలసిస్‌కు లేపుదామని మరదలు పోతే, ఒళ్లు చల్లబడి ఉంది.

ఇల్లు నిండిపోయింది. మా పెద్దన్న ఊరినుంచి వచ్చి వాకిట్లోనే నిలబడి, "బిడ్డకు చెప్పిన్రా? ఒక్కతే బిడ్డ, దానికి చెప్పకుంట మట్టి ఎట్ల చేస్తరు?" అని గద్దించాడు. మరదలు నా దిక్కు చూసింది. అక్కడే ఉన్న లారీ దోస్తులు ముందుకొచ్చారు. వాళ్లలో పెద్దవాడు, "పిల్ల రోడ్డు మీదుందన్నా. ఇప్పుడు చెప్పొద్దు. చెప్పినా రాదు, ఎట్లొస్తది గంత దూరం నుంచి?" అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. మా అన్న చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. పొద్దు గూకేలోపే మట్టి చేశారు. బిడ్డ వేయాల్సిన పిడికెడు మట్టి మా అన్న వేశాడు.

మట్టి చేయకముందే, మాడ్రిడ్‌లో దిగానని బిడ్డ సందేశం వచ్చింది. నాయినకు ఫోనియ్యి అంది. మరదలికి రాయరాదు. ఇంట్లో రాయవచ్చింది నాకే. "డయాలసిస్‌కు పోయిండు. రోడ్డు మీద జాగ్రత్త బిడ్డా" అని రాశాను. ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కాను. మర్నాడు లిస్బన్ నుంచి అడిగితే, నీరసంగా ఉన్నాడు, తర్వాత మాట్లాడతాడు అని రాశాను.

మూడో రోజు సమాధి దగ్గర పిట్టకు పెట్టాలి. వాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా కూర్చున్నాం. కాకి ముడితే పోయినవాడికి తృప్తి అయినట్టు. ఒక్క కాకీ రాలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది, వాలింది. పిల్లలు ఆకలికి గొణుగుతున్నారు. "బిడ్డ లేదని ముడుతలేడు" అని ఎవరో ఆడమనిషి అంది, మరదలు గుండెలు బాదుకుంది. అప్పుడే నా కొంగున కట్టిన ఫోన్ మోగింది. తీసి చూశాను. "నాయినా, రోడ్డు ఐపోయింది. ముందట అంత నీళ్లే. గాలికి నిలవడ వశమైతలేదు. నువ్వు చెప్పినట్టే ఉంది" అని ఉంది. నేను లేచి సమాధి దగ్గరికి పోయి, ఎప్పుడూ చదివినట్టే గట్టిగా, కూడబలుక్కుంటూ చదివాను.  చదవడం అయ్యాక కూడా చాలాసేపు చూశాం. కాకి రాలేదు. చివరికి ఆ విస్తరి ఆవుకు పెట్టి ఇంటికి వచ్చాం.

ఆ మర్నాడు సాయంత్రం రాసింది. రూముకొచ్చిన, బ్యాగు దించిన, ఇప్పుడన్న నాయినకు ఫోనియ్యి అని. కట్టు ప్రకారం చెప్పాల్సిన వేళ అదే. లారీ దోస్తుల్లో పెద్దవాడిని పిలిపించాం, చెప్పింది ఆయనే. భుజం మీద చెయ్యి వేయడానికి మాత్రం అక్కడ ఎవరూ లేరు.  అది విని బిడ్డ నాకు ఫోనియ్యమంది. ఫోన్ నా చెవికి పెట్టారు.

"అత్తమ్మా, ఎప్పుడు?"

"నువ్వు బార్సిలోనాల బస్సెక్కిన రాత్రి, బిడ్డా."

"మరి డయాలసిస్‌కు పోయిండని రాస్తివి?"

"నువ్వు రోడ్డు మీదున్నవని, బిడ్డా. నాయిననే చెప్పొద్దన్నడు."

అది ఏడవలేదు. చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు మెల్లగా అంది. "నేను కూసున్న, అత్తమ్మా. అంతే. బండి నేను నడుపుతలేను గదా. నడిపెటోడు వేరే."

అంతమందిలో ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. మా ఇంట్లో మనిషి రోడ్డు మీద ఉన్నాడంటే స్టీరింగ్ పట్టుకుని ఉన్నట్టే. దాని చేతుల్లో స్టీరింగ్ లేదు. చేయి వణికినా ఏ బండీ వాగులో పడేది కాదు. కిటికీకి తల ఆనించి ఏడ్చుకుంటూ వచ్చేది, పక్కనెవరో నీళ్ల సీసా ఇచ్చేవాళ్లు. మట్టి వేసేటప్పుడు ఫోన్‌లోనైనా చూసేది. వాడు బతికినన్నాళ్లూ వాడి ప్రాణం కాపాడిన కట్టు అది. అందుకే దాన్ని బిడ్డకూ కట్టి పోయాడు.

అది చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తల్లితో మాట్లాడేది, నన్ను అడిగేది కాదు. చదువు ముగించుకుని ఇంటికి వచ్చినప్పుడు, మొదటిరోజు సమాధి దగ్గరికి ఒక్కతే పోయి వచ్చింది. రెండో రోజు వచ్చి నా పక్కన కూర్చుని, "అత్తమ్మా, ఆనాడు పొద్దుగాల నుంచి ఈడ ఏమేమైందో వరుసగ చెప్పు" అంది. నేను చెప్పాను. ఆ వేళకు తను ఎక్కడుందో అది చెప్పింది. ఇక్కడ నీళ్లు పోస్తున్నప్పుడు అది మాడ్రిడ్ బస్టాండులో మొఖం కడుక్కుని నారింజ పండు ఒలుచుకుంటోంది. ఇక్కడ మట్టి వేస్తున్నప్పుడు అక్కడ ఒక తోటలో బెంచీ మీద కూర్చుని, పచ్చిక మీద పిల్లల బంతాట నాయినకు ఎట్లా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటోంది. అట్లా ఒక్కొక్కటీ జతచేసుకుంటూ పోయాం. తర్వాత అది అంది, "ఆ నాలుగొద్దులు మీకు నాయిన లేడు. నాకుండే. నేను అన్నీ ఆయన కోసమే చూసిన." కోపంగా అందో, శాంతంగా అందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజులు మేం దాని దగ్గర గుంజుకున్నామో, దానికి ఇచ్చామో కూడా తెలియదు. మనిషి పోయే గడియ ఒక్కటే ఉంటుందనుకునేదాన్ని. ఆ గడియ ఒక్కొక్కరి ఇంటికి ఒక్కొక్క వేళకు చేరుతుంది, చేరేదాకా వాళ్లింట్లో ఆ మనిషి ఇంకా వింటూనే ఉంటాడు.